టోర్గర్ దుంగల ఇల్లు, అందులోని సామాను

"చరిత్ర మన తలుపు తడుతోంది! లేచి తలుపు తీద్దాం!"

మార్లిస్ హౌగరుడ్ గారు చర్చి కింది గదిలో కుర్చీ ఎక్కినంత పని చేసి ఈ మాట అనగానే, నార్డ్‌విక్ వారసత్వ పరిరక్షణ సంఘం యావత్తూ కాఫీ కప్పులు కింద పెట్టి చప్పట్లు కొట్టింది. మర్నాడు అందరూ ఊరేగింపుగా వెళ్ళి ఆ తలుపు తీశారు. తీస్తే లోపల తొమ్మిదిమంది కూర్చుని అన్నం తింటున్నారు!

సంఘం వాళ్ళు నిర్ఘాంతపోయారు. చరిత్ర ఇలా కంచాలు ముందేసుకుని చేపల కూర కలుపుకుంటూ దొరుకుతుందని వాళ్ళెవరూ ఊహించలేదు.

"వీళ్ళెవరు?" అన్నారు మార్లిస్ గారు.

"అద్దెకుంటున్నవాళ్ళు వదినా," అన్నాడు ఆవిడ మరిది డ్వేన్.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరేళ్ళ నుంచి. ఇల్లు ఊరిదే కదా, ఊరే అద్దెకిచ్చింది. తాళంచెవి చేతిలో పెట్టింది నేనే."

"నోర్మూసుకో," అన్నారు మార్లిస్ గారు.

అసలు సంగతి ఇది. ఆ వసంతంలో వడగళ్ళ వాన కొట్టి, ధాన్యం గోదాముల వీధి చివరి ఇంటికి గోడ చెక్కలు ఊడిపడ్డాయి. చెక్కల వెనక గొడ్డలితో చెక్కిన బండ దుంగలు బయటపడ్డాయి. కేఫ్‌లో కూర్చునే ముసలాళ్ళు వెళ్ళి చూసి, గడ్డాలు నిమురుకుని, ఇది టోర్గర్ కట్టిన మొదటి ఇల్లేనని తేల్చేశారు. టోర్గర్ హౌగరుడ్ అంటే సామాన్యుడా! నార్వే నుంచి ఓడెక్కి మిన్నెసోటా గడ్డ మీదికి వచ్చి, ఈ ఊరికి మొదటి దుంగ నిలబెట్టిన మహానుభావుడు. పార్కులో గొడ్డలి భుజాన వేసుకుని పావురాలను మోస్తున్న విగ్రహం ఆయనదే. ఆయన రాకముందు ఇక్కడ ఎవరూ లేరని బడి పుస్తకంలో రాసుంది. ఎవరూ లేనిచోట ఏటికీ, చెరువుకీ, జిల్లాకీ డకోటా ఆదివాసుల భాషలో పేర్లు ఎవరు పెట్టారో పిల్లలు అడగరు, పంతుళ్ళు చెప్పరు!

మార్లిస్ గారు ఆ వంశంలో పుట్టలేదు, మెట్టారు. భర్త పోయాక వంశాభిమానంలో పుట్టినవాళ్ళని కూడా మించిపోయారు. అసలు హౌగరుడ్ రక్తం ఉన్నది మరిది డ్వేన్‌లో. కాని డ్వేన్‌కి రక్తం కంటే టోపీలు ముఖ్యం.

ఆ ఊళ్ళో జనం తక్కువ, పదవులు ఎక్కువ. అందుచేత ఒక్కొక్కరికీ రెండేసి మూడేసి తగులుకుంటాయి. డ్వేన్ ఊరికి ఇళ్ళ ఇన్‌స్పెక్టరు, వారసత్వ సంఘానికి కార్యదర్శి. ఇన్‌స్పెక్టరు పనికి నీలం టోపీ, సంఘం పనికి గోధుమరంగు టోపీ. నీలం టోపీలో ఉన్నప్పుడు ఎవరైనా సంఘం విషయం అడిగితే, "ఆయన రేపొస్తాడండీ" అనేవాడు. ఒక టోపీ పని రెండో టోపీలో ఎన్నడూ చెయ్యలేదు. రెండింటినీ కలిపి ఒక్కసారి ఆలోచించనూ లేదు. అందుకే ఊళ్ళో అతనికి నిజాయితీపరుడని పేరు.

ఇక లోపలి తొమ్మిదిమంది బర్మా సరిహద్దు శిబిరాల నుంచి వచ్చిన కరెన్ తెగ శరణార్థులు. ఊరి బయట టర్కీ కోళ్ళ మాంసం ఫ్యాక్టరీ ఉంది. ఆ కోళ్ళని తినడానికి ఊరంతా సిద్ధమే, కొయ్యడానికే ఒక్కడూ దొరకడు. అందుకని వీళ్ళని రప్పించారు. ఇంటాయన లాడోది రాత్రి డ్యూటీ, భార్య సేమూది పగటి డ్యూటీ. అయిదుగురు పిల్లలు, లాడో తమ్ముడు, ముసలి తల్లి. పెరట్లో ఆవాకు మడి, గుమ్మడి పాదు, కోళ్ళ గూడు, ఓ మూల చేపలకి పొగబెట్టుకునే డబ్బా పొయ్యి. ఇదీ వాళ్ళ సంసారం.

"ఎంత అపచారం!" అన్నారు మార్లిస్ గారు బయటికొచ్చి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంటూ. "టోర్గర్ తాతగారి పవిత్రమైన ఇంట్లో ఇంతమందా! కోళ్ళా! పొగా! ఏదో ఒకటి చెయ్యి డ్వేన్."

"నేనిప్పుడు గోధుమరంగు టోపీలో ఉన్నాను వదినా."

"అయితే మార్చుకుని ఏడు!"

మార్చుకున్నాడు. మర్నాడు నీలం టోపీతో వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. సేమూ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతోంది.

"అమ్మా సేమూ, నోటీసులు తెచ్చాను. ఊరి హద్దుల్లో కోళ్ళు పెంచడం నిషిద్ధం. రెండు గదుల ఇంట్లో తొమ్మిదిమంది నివసించడం అనారోగ్యకరం. పెరట్లో పొగబెట్టడం అగ్ని ప్రమాదకరం. కావున తమరు ఈ నెలాఖరుకి ఖాళీ చేయవలసిందిగా..."

"ఆరేళ్ళుగా మా కోడిగుడ్లు మీరూ పట్టుకెళ్తున్నారుగా డ్వేన్ గారూ?"

"పట్టుకెళ్ళింది నేను. ఇప్పుడొచ్చింది ఇన్‌స్పెక్టరు."

సేమూ నవ్వలేదు. "తొమ్మిదిమంది ఎక్కువంటారు. ఎవర్ని తీసెయ్యమంటారో మీరే చెప్పండి. మా అత్తగార్నా, చిన్నదాన్నా? లోపలికెళ్ళి చెప్పేస్తాను."

"ఎవర్నన్నది నిబంధనలో లేదు."

"పోనీ ఊళ్ళో ఇంకో ఇల్లు చూపించండి, ఇవాళే పోతాం. నేను ఎక్కని గుమ్మం లేదు. మా మొహం చూడగానే 'నిన్ననే అద్దెకిచ్చేశాం' అంటున్నారు. బోర్డు మాత్రం తియ్యరు! పొరుగూరు పోదామంటే కారు లేదు, ఫ్యాక్టరీకి బస్సు లేదు. ఈ ఇల్లు పోతే మా ఇద్దరి పనీ పోతుంది. అది రాసుందా మీ నిబంధనలో?"

డ్వేన్ నోటీసు తిరగేసి చూశాడు. వెనకవైపు ఏమీ లేదు. అతనికి జాలి వేసింది. నిజంగానే వేసింది! కాని జాలి పడటానికి ఏ టోపీ పెట్టుకోవాలో తెలియక ఊరుకున్నాడు.

నెలాఖరుకి వాళ్ళు హైవే పక్కన మోటెల్‌కి మారారు. తొమ్మిదిమందీ ఒకే గదిలో! అయినా మోటెల్ ఊరి హద్దులు దాటి పది గజాలు అవతల ఉంది గనక, ఆ అనారోగ్యంతో ఊరికి సంబంధం లేదు. ఊరి స్థాపక దినం ఉత్సవం దాటగానే జింకల వేటకి వచ్చేవాళ్ళు దిగుతారనీ, అప్పుడు గది ఖాళీ చెయ్యాల్సిందేననీ మోటెల్ ఆయన ముందే చెప్పేశాడు. కోళ్ళని డ్వేన్ స్వాధీనం చేసుకుని, ఊరి బయట తన పొలంలో కట్టేశాడు. గుడ్లు మాత్రం ఎప్పట్లాగే అందుతున్నాయి.

ఇంటికి పునరుద్ధరణ మొదలైంది. టోర్గర్ కాలంలో కరెంటు లేదని తీగలు పీకేశారు. టోర్గర్ కాలంలో స్నానాల గది లేదని దాన్ని పగలగొట్టారు. టోర్గర్ కాలంలో ఆవాకు మడి ఉండి ఉంటుందా అని అరగంట వాదించుకుని, ఎందుకైనా మంచిదని దాన్నీ తవ్వేసి పచ్చిక పరిచారు. టోర్గర్ కాలంలో పచ్చిక ఎక్కడిదని మాత్రం ఎవరూ అడగలేదు. దుంగలన్నీ సబ్బు నీళ్ళతో కడిగి, వార్నీషు కొట్టి తళతళలాడించారు. సంఘంలో ఆడవాళ్ళు కిటికీలకి పూల తెరలు కట్టారు. "తాతగారు చూస్తే మురిసిపోయేవారు!" అన్నారు మార్లిస్ గారు. తాతగారు చూస్తే పక్కింటికి వచ్చాననుకుని తలుపు కొట్టి క్షమాపణ అడిగేవాడు!

అప్పుడు రాజధాని నుంచి రాష్ట్ర వారసత్వ శాఖ డాక్టర్ విన్‌ఫ్రెడ్ ప్రాట్ గారు దిగారు. ఆవిడ అవునంటే గుమ్మానికి చారిత్రక గృహమన్న ఇత్తడి రేకు, హైవే మీద బాణం గుర్తు. కాదంటే మరో పాత ఇల్లు, అంతే. ఆవిడ లోపలికి వచ్చి, రెండు గదులూ తిరిగి, ముక్కు ఎగబీల్చారు.

"ఏ వాసనా రావడం లేదే?"

"శుభ్రం చేయించామండీ!" అన్నారు మార్లిస్ గారు గర్వంగా.

"అదే మీరు చేసిన తప్పు. ఇది ఇల్లా, పళ్ళ డాక్టరు గదా? ఆ రోజుల్లో వాళ్ళెలా బతికారో మీకేమైనా తెలుసా?"

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు మార్లిస్ గారు చేతులు జోడించి అందుకున్నారు. "తెలియకేం! టోర్గర్ గారు, భార్య, ఆరుగురు పిల్లలు, ముసలి తల్లి. మొత్తం తొమ్మిదిమంది, ఈ రెండు గదుల్లోనే! ఇంగ్లీషు ముక్క రాదు. పెరట్లో పొగబెట్టిన చేపలే తిండి. గుమ్మం ముందు కోళ్ళు. చలి ముదిరితే ఆ కోళ్ళు కూడా ఇంట్లోనే! ఎంత కష్టజీవులు! ఎంత గుండె ధైర్యం! చెప్తుంటేనే నాకు దుఃఖం ఆగడం లేదు."

నిజంగానే ఆగలేదు. రుమాలు తీశారు. పక్కన నిలబడ్డ డ్వేన్‌కి ఆ వాక్యాలన్నీ ఎక్కడో చదివినట్టు అనిపించింది. చదవలేదు, తనే రాశాడు. కాని అది నీలం టోపీ వ్యవహారం గనక అక్కడితో వదిలేశాడు.

"అద్భుతం!" అన్నారు ప్రాట్ గారు. "అదంతా నాకు కనపడాలి. తొమ్మిదిమందీ కనపడాలి. కోళ్ళు కనపడాలి. పొగ కనపడాలి. మీ స్థాపక దినం నాడు మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే గుర్తింపు ఆశ వదులుకోండి."

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మూతపడ్డ బట్టల కొట్టు నుంచి బొమ్మలు తెప్పించారు. టోర్గర్ వేషం వేసిన బొమ్మ ఈతకొలనుకి బయల్దేరినట్టు ఛాతీ విరుచుకుని నిలబడింది. ఆయన భార్య నడుం మీద చెయ్యి వేసుకుని భుజం మీదుగా వయ్యారంగా వెనక్కి చూస్తోంది. తల్లి పాత్రకి దొరికిన బొమ్మకి తల లేదు. అందుకని జబ్బు చేసిందని చెప్పి ఆవిడ్ని మంచం మీద పడుకోబెట్టి, మెడ పైదాకా కంబళి కప్పేశారు. ఫోటోలు తీసి రాజధానికి పంపితే ప్రాట్ గారి జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. "ఊపిరి లేదు."

ఊపిరి ఉన్నవాళ్ళు కావాలంటే సంఘం సభ్యులు లేరా! స్థాపకుల నిజమైన సంతానం! ఆడవాళ్ళు తలగుడ్డలు కట్టుకున్నారు. ఊరి అగ్నిమాపక దళం కుర్రాళ్ళు నలుగురు పట్టీల పంట్లాములు వేసుకుని టోర్గర్ కొడుకులయ్యారు. మార్లిస్ గారు స్వయంగా పొయ్యి ముట్టించారు. పొగ గొట్టం మూత తెరవాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. రెండు నిమిషాల్లో లోపల ఒకరి మొహం ఒకరికి కనపడలేదు. "ఫైరింజన్! ఫైరింజన్!" అని కేకలు వేశారు. ఫైరింజన్ నడిపేవాళ్ళు నలుగురూ టోర్గర్ కొడుకులుగా లోపలే దగ్గుతున్నారు! వాళ్ళు కిటికీలోంచి దూకి, పట్టీలు జారిపోతుంటే పట్టుకుని వీధి ఆ చివరికి పరుగెత్తి, ఇంజన్ వేసుకుని గంట కొట్టుకుంటూ తిరిగొచ్చి తమని తామే రక్షించుకోబోయారు. అప్పటికి మార్లిస్ గారు పచ్చిక మీద చతికిలపడి, నల్లబడ్డ మొహంతో ఒకే మాట అంటున్నారు.

"వాళ్ళని పిలు డ్వేన్. వాళ్ళని పిలు."

"ఎవర్ని వదినా?"

"తెలియనట్టు అడక్కు. ఆ మోటెల్ వాళ్ళని!"

డ్వేన్ గోధుమరంగు టోపీ పెట్టుకుని మోటెల్‌కి వెళ్ళాడు. గదిలో కాలు పెట్టే చోటు లేదు. లాడో మంచం మీద నిద్రపోతుంటే చుట్టూ నేలమీద పిల్లలు గుసగుసగా హోంవర్కు చేస్తున్నారు. సేమూ బయట మెట్టు మీద కూర్చుంది.

"మీ సాయం కావాలమ్మా. స్థాపక దినం నాడు మీరంతా వచ్చి ఆ ఇంట్లో ఉండాలి. పాతకాలం వాళ్ళలాగా."

"పాతకాలం వాళ్ళలాగా అంటే?"

"అంటే... పొయ్యి వెలిగించి, వండుకుని, చేపలకి పొగబెట్టుకుని."

"కోళ్ళు?"

"తప్పనిసరి. నేను తెస్తాను."

"తొమ్మిదిమందీ రావాలా?"

"ఒక్కరు తగ్గినా ఒప్పుకోరు."

సేమూ అతని మొహంలోకి తేరిపార చూసింది. "మేం అలాగే ఉండేవాళ్ళం కదండీ. దానికే కదా వెళ్ళగొట్టారు?"

"అప్పుడు మీరు నివసించారు. ఇప్పుడు ప్రదర్శిస్తారు. రెండూ వేరు."

"సాయంత్రం?"

"అయిదింటికి మూసేస్తాం. ఆ ఇంట్లో రాత్రిపూట మనుషులుండటం నిబంధనలకి విరుద్ధం."

"మర్నాడు ఈ గదీ ఉండదు మాకు. అది కూడా తెలుసా మీకు?"

తెలుసు. డ్వేన్ టోపీ తీసి చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. సిగ్గేసింది. అయినా సిగ్గుపడి ఇంటికి వెళ్తే వదిన ఊరుకోదు.

ఒళ్ళు మండిపోతోంది సేమూకి. కాని అత్తగారు మోటెల్‌కి వచ్చినప్పటి నుంచీ సరిగ్గా ముద్ద దిగక చిక్కిపోతోంది. ఒక్క పూటైనా తన పొయ్యి ముందు కూర్చుంటుంది కదా. "వస్తాం," అంది. "ఆయన మాత్రం పగలు నిద్రపోవాలి. రాత్రి డ్యూటీ ఉంది."

"నిద్రపోనీ. టోర్గర్ గారు కూడా నిద్రపోయే ఉంటారు," అన్నాడు డ్వేన్.

స్థాపక దినం వచ్చింది. బ్యాండు వాయించారు. బడి పిల్లలు కాగితం జెండాలు ఊపారు. చర్చి ఆడవాళ్ళు కంచె పక్కన బల్లలు వేసి యాపిల్ ముక్కలు కూరి కాల్చిన 'పై'లు పెట్టారు, బంగాళాదుంప రొట్టెలు పెట్టారు. ఆ రొట్టెలు ఇంట్లో చేసినవేనని ప్రమాణం చేశారు. రొట్టెలు వచ్చిన ప్లాస్టిక్ సంచులు చర్చి వెనక చెత్తడబ్బాలో ఉన్నాయి. మార్లిస్ గారు వేదికెక్కి, "మా పెద్దలు పరాయి గడ్డ మీదికి వట్టి చేతులతో వచ్చారు! భాష రాదు! దిక్కు లేదు! అలాంటివాళ్ళకి నీడనిచ్చిన పుణ్యాత్మురాలు ఈ ఇల్లు!" అనేసరికి సగం ఊరు కళ్ళు తుడుచుకుంది.

ప్రాట్ గారు లోపల అడుగు పెట్టి, గుమ్మంలోనే ఆగిపోయారు.

పొయ్యిలో నిప్పు ఎర్రగా ఉంది. ముసలావిడ దాని ముందు చతికిలబడి వక్కాకు నములుతూ, డబ్బాలో ఉమ్ముతోంది. పిల్లలు వట్టి కాళ్ళతో కోళ్ళ వెంట పడుతున్నారు. పెరట్లోంచి పొగ చేపల వాసన గుప్పుమంటోంది. లోపలి గదిలో లాడో నోరు తెరిచి గురకపెడుతున్నాడు. చూడ్డానికి వచ్చిన జనం అతని చుట్టూ నిలబడి, "ఎంత సహజంగా చేస్తున్నాడో చూడు!" అని గుసగుసలాడుతున్నారు. ఒకావిడ గురకని ఫోన్‌లో రికార్డు చేసుకుంది.

"నా ఉద్యోగంలో ఇంత సజీవమైన ఇల్లు చూడలేదు!" అన్నారు ప్రాట్ గారు. వెంటనే ఆవిడకి అనుమానం వచ్చింది. "ఒక్క ప్రశ్న. వీళ్ళని ఇవాళ్టికి వేషానికి తెచ్చారా? లేక ఈ ఇంటి సంగ్రహంలో భాగమా? వేషానికైతే మాత్రం గుర్తింపు ఇవ్వలేను."

అప్పుడు చూడాలి మార్లిస్ గారి మొహం! ఇత్తడి రేకు కళ్ళ ముందు మెరిసింది.

"భాగమేనండీ! ఈ ఇంట్లో మీకు కనపడేదంతా మా సంఘం సంగ్రహమే! ఒక్కటి కూడా బయటిది లేదు!"

"మరి వీళ్ళకి నంబర్లేవి? మంచానికుంది, కుండకుంది, చీపురుకి కూడా ఉంది."

"డ్వేన్!" అని గద్దించారు మార్లిస్ గారు. "ఎన్నిసార్లు చెప్పాను నీకు? నంబర్లు వెయ్యి!"

డ్వేన్ బిళ్ళల పెట్టె తీశాడు. ఇంట్లో ప్రతి వస్తువుకీ నంబరు బిళ్ళ కట్టడం కార్యదర్శి విధి. గోధుమరంగు టోపీ సర్దుకుని, సేమూ మెడలో ఒకటి కట్టాడు. పిల్లల చొక్కా గుండీలకి అయిదు. లాడో తమ్ముడి మణికట్టుకి ఒకటి. ముసలావిడ తన బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఏదో నగ అనుకుని మెడలో సవరించుకుంది. నిద్రపోతున్న లాడోని లేపడం ఇష్టంలేక అతని కాలి బొటనవేలికి కట్టాడు. సేమూ తన బిళ్ళ వంక ఒకసారి, డ్వేన్ వంక ఒకసారి చూసింది. ఆ చూపుకి డ్వేన్ తల తిప్పుకున్నాడు. అయినా ముడి మాత్రం గట్టిగానే వేశాడు.

ప్రాట్ గారు గుమ్మానికి రేకు కొట్టించి, అందరి ముందూ ఉత్తర్వు చదివారు. "ఈ క్షణం నుంచి ఈ ఇల్లూ, ఇందులో నంబరు ఉన్న సమస్తమూ రాష్ట్ర రక్షణలో ఉంటాయి. నంబరున్న ఏ వస్తువునూ ఈ ఇంటి నుంచి తొలగించరాదు. పని మీద బయటికి పంపినా తిరిగి ఈ చోటికే చేర్చాలి. ఇందుకు విరుద్ధమైన ఊరి నిబంధనలు ఈ ఇంటి సామానుకి వర్తించవు." బ్యాండు అందుకుంది. ఊరంతా చప్పట్లలో మునిగిపోయింది. ప్రాట్ గారు ఒక యాపిల్ పై ముక్క కాగితంలో చుట్టించుకుని కారెక్కి వెళ్ళిపోయారు.

అయిదయింది. మార్లిస్ గారు రేకుని కొంగుతో తుడిచినంత ప్రేమగా రుమాలుతో తుడిచి, గంట వాయించారు.

"సేమూ, చాలా బాగా చేశారమ్మా. ఇక బయల్దేరండి. తాళం వేసుకోవాలి."

సేమూ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. "డ్వేన్ గారూ, ఆ పెద్దావిడ చదివింది విన్నారు కదా?"

"విన్నాను."

"నంబరున్న దేన్నీ ఇక్కణ్ణుంచి తియ్యకూడదన్నారు. మా అందరికీ ఉన్నాయి నంబర్లు."

ఊరంతా చప్పట్లు కొట్టిందే గాని, మాటలు విన్నది ఈవిడ ఒక్కతే!

"అబ్బే, అది సామాను సంగతి పిచ్చిదానా!" అని నవ్వేశారు మార్లిస్ గారు.

"మేం సామానేనండీ. మీరే అన్నారు, ఆవిడ ముందు. ఈయన చేత కట్టించారు కూడా."

మార్లిస్ గారి నవ్వు ఆగిపోయింది. "డ్వేన్! నీలం టోపీ పెట్టుకో! పెట్టుకుని వీళ్ళని బయటికి పంపు!"

డ్వేన్ జేబులోంచి నీలం టోపీ తీసి పెట్టుకున్నాడు. తీసేసి గోధుమరంగుది పెట్టుకున్నాడు. మళ్ళీ నీలంది పెట్టుకున్నాడు. జన్మలో మొదటిసారి రెండు టోపీల సంగతీ ఒకేసారి ఆలోచించాల్సి వచ్చి అతనికి చెమటలు పట్టాయి.

"వదినా, నీలం ప్రకారం రెండు గదుల్లో తొమ్మిదిమంది మనుషులుండకూడదు. గోధుమరంగు ప్రకారం ఇక్కడ ఉన్నవి తొమ్మిది వస్తువులు. ఇంట్లో వస్తువులు ఎన్నైనా ఉండొచ్చు. ఇందులో నీలానికి పని లేదు."

"మరి ఆ నిద్రపోయేవాడు ఇప్పుడు ఫ్యాక్టరీకి పోతాడుగా? అప్పుడు బయటికి పోయినట్టేగా?"

"పని మీద పంపినట్టు. పొద్దున్నే తిరిగి ఇక్కడికే చేర్చాలి. చేర్చకపోతే మనదే నేరం."

"నీ మొహం! నేనే పంపిస్తాను, చూడు!" అని మార్లిస్ గారు విసవిసా వెళ్ళి సేమూ జబ్బ పట్టుకుని లాగారు. ముసలావిడ కెవ్వుమంది. చిన్నపిల్ల ఏడుపు మొదలెట్టింది. కంచె దగ్గర యాపిల్ పై తింటున్న జనం ఏం జరుగుతోందోనని గుమ్మం దాకా తోసుకొచ్చారు.

"చెయ్యి తియ్యి వదినా!" అన్నాడు డ్వేన్. ఏ టోపీలో ఉన్నాడో అతనికే తెలియలేదు. "ప్రదర్శన వస్తువుని ముట్టుకోకూడదు. ఆ రేకు పీక్కుపోతారు."

అంతే, మార్లిస్ గారికి శివాలెత్తింది. ఊరంతా వింటోందన్న సంగతి కూడా మరిచిపోయారు.

"వస్తువులేమిట్రా బుద్ధిలేనివాడా! కళ్ళు కనపడటం లేదా నీకు? మనుషుల్రా వీళ్ళు! నాలాగా నీలాగా మనుషులు! ప్రాణమున్న మనుషులు!"

గుమ్మంలో జనం నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. డ్వేన్ తల మీది టోపీ కూడా తీసేసి, రెండు టోపీలూ చేత్తో పట్టుకుని తల దించుకున్నాడు.

సేమూ మెల్లిగా జబ్బ విడిపించుకుంది.

"ఈ మాట కోసం ఆరేళ్ళు ఎదురుచూశాం మేడమ్. నోటీసులిచ్చిన రోజున అని ఉంటే చేతులెత్తి దండం పెట్టేదాన్ని. వెళ్ళగొట్టడానికి గుర్తొచ్చిన మనిషితనం మాకెందుకు? సామానుగా ఉంటేనే ఇల్లు దక్కుతుందంటే, మేం సామానే."

అని పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.